కందిపొడి కింద మాత్రలు

కారు డ్రైవరు చక్రి అబద్ధం చెబుతున్నాడని బాలశౌరికి మొదటి నిమిషంలోనే అర్థమైంది. అది ఏ అబద్ధమో తేల్చుకోవడానికి మాత్రం ఇంకో పావుగంట పట్టింది. అందులో చాలాభాగం చేప కథకే పోయింది.

"మా మేనమామ ఒక వాలుగచేపను పెంచాడయ్యా," అన్నాడు బాలశౌరి కుర్చీ ముందుకు లాక్కుని. "పులిగడ్డ దగ్గర కృష్ణలో దొరికింది. గాబులో వేసి పెంచాడు. దాని ముందు ఎవడైనా అబద్ధమాడితే మీసాలు రెండూ ఇలా పైకి లేచేవి. చుట్టుపక్కల ఏ దొంగతనం జరిగినా ముందు మా గాబు దగ్గరికి, తరవాతే పోలీస్‌స్టేషనుకి. ఒకసారి ఎస్సైగారే వచ్చి గాబు పక్కన నిలబడి, 'నేను ఒక్క పైసా ముట్టనండీ' అన్నాడు. పాపం, చేప మీసాలు ఊడి నీళ్లలో పడ్డాయి."

చక్రి నవ్వుదామా వద్దా అని ఆలోచించి, వద్దనుకున్నాడు.

"చేప పోయింది. మీసాలు నాకొచ్చాయి," అని బాలశౌరి తన తెల్లమీసం సవరించుకున్నాడు. "ఇప్పుడు చెప్పు. సూటుకేసు కారులో పెట్టుకుని ఇక్కణ్ణుంచి బెజవాడ దాకా ఎక్కడా ఆపలేదన్నావు."

"ఆపలేదండి."

బాలశౌరి మీసం నెమ్మదిగా పైకి లేచింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి ఆ ఒక్క విద్యనీ ఎంతకాలం సాధన చేశాడో ఎవరికీ తెలియదు.

"ఉయ్యూరులో అండీ," అన్నాడు చక్రి. "కాసేపు. పునుగులు తిందామని."

"ఎన్ని ప్లేట్లు?"

"ఒకటండి. రెండు."

"కారుకి తాళం?"

చక్రి తల దించుకున్నాడు. "వెయ్యలేదండి. ఈ మాట తెలిస్తే మా ఏజెన్సీవాళ్లు నన్ను పీకేస్తారు బాబాయ్‌గారూ."

అదీ ఆ అబద్ధం. బాలశౌరి కుర్చీలో వెనక్కి వాలాడు. ఇంతా చేస్తే చేతికొచ్చింది పునుగులు.

వాళ్లు కూర్చున్నది చల్లపల్లిలో సంపూర్ణమ్మ ఇంటి వరండాలో. భర్త అబ్రహాము పోయాక ఆవిడ కుట్టుమిషను తొక్కి కూతురు కృపను నర్సు చదివించింది. కృపకు పద్నాలుగో ఏట నుంచి ఫిట్సు. మాత్రలు వేళకి పడితే ఆ జబ్బున్నట్టు హాస్టల్లో పక్కమంచం మీది పిల్లలకు కూడా తెలిసేది కాదు. గల్ఫులో ఆసుపత్రి ఉద్యోగం వచ్చింది. వాడే మాత్రల్లో ఒకటి మత్తు కలిగించే జాతిది. అక్కడికి దాన్ని పట్టుకెళ్లాలంటే డాక్టరు ఉత్తరం, ఆ దేశం ఇచ్చే అనుమతి రెండూ ఉండాలి. కృప రెండూ సంపాదించింది. మూడు నెలలకు సరిపడా తెచ్చుకోవచ్చన్నారు.

మొన్న విమానం దిగగానే ఎవరూ పిలవకపోయినా మందులు చూపించే కౌంటరు దగ్గరికి తనే నడిచి వెళ్లింది. మందులంటే చాలు, సామాను మొత్తం విప్పారు. కందిపొడి సీసా అడుగున అవే మాత్రలు, ఇంకో మూడు నెలలవి, కవరులో చుట్టి కనిపించాయి. అనుమతి దాటి, పైగా దాచిపెట్టి తెచ్చిన మత్తు మాత్రలు. రేపు ఉదయం ఆ పిల్లను అక్కడి ప్రాసిక్యూటరు ముందు నిలబెడతారు. ఆ సీసాలో వాటిని పెట్టింది ఇంకొకరని ఈలోగా తేలకపోతే, కృపకు ఉద్యోగం బదులు జైలు.

నిన్న సంపూర్ణమ్మ బెజవాడ బెంజ్ సర్కిల్‌లో బాలశౌరి మేడమీది గదికి ఎక్కి వచ్చింది. డిటెక్టివ్ అన్న బోర్డు కింద కూర్చున్న పెద్దాయన్ని చూసి ఒకసారి గుమ్మం దాకా వెనక్కి వెళ్లి, మళ్లీ లోపలికి వచ్చింది. ఈ కేసు అలా మొదలైంది.

"ప్రయాణం ముందురోజు కృప ఎక్కడుంది?" అని బాలశౌరి అడగబోతుంటే వీధిలో కారు ఆగింది.

దిగినవాడు జయకృష్ణ. బాలశౌరి గదికి సరిగ్గా ఎదురుగా, అన్నీ అద్దాలే ఉన్న ఆఫీసు ఇతనిది. కృపను గల్ఫుకి పంపిన, చక్రి పనిచేసే ఏజెన్సీ తమ తప్పేమీ లేదని తేల్చమని ఇతన్ని పెట్టుకుంది.

"ఇంకా చేప దగ్గరే ఉన్నారా పెద్దాయనా?" అన్నాడు జయకృష్ణ చెప్పులు విప్పకుండానే వరండా ఎక్కి. "చక్రీ, లే. ఇంటికి పో. కేసు అయిపోయింది."

"అప్పుడేనా? నేనింకా ఫీజు కూడా చెప్పలేదే," అన్నాడు బాలశౌరి.

"అమ్మాయి ఒప్పేసుకుంది. గంట క్రితం సంతకం పెట్టింది. 'సీసాలో మాత్రలు నావే, నేనే పెట్టుకున్నాను, ఇంకెవరికీ సంబంధం లేదు' అని."

సంపూర్ణమ్మ అప్పుడే కాఫీ గ్లాసులు తెచ్చి బల్లమీద పెట్టింది. పెట్టాక కూడా గ్లాసుల్ని వదల్లేదు. వేడికి వేళ్లు ఎర్రబడుతున్నాయి. ఆవిడకి తెలిసినట్టు లేదు.

బాలశౌరి ఆ వేళ్లనే చూశాడు. తరవాత జయకృష్ణ వైపు తిరిగాడు.

"తనంతట తనే కౌంటరు దగ్గరికి నడిచి వెళ్లిన పిల్ల పొడి కింద దాచుకుంటుందా నాయనా?"

"అదే తెలివి. సగం చూపిస్తే మిగతా సగం వెతకరనుకుంది. నర్సు. అక్కడ ఆ మాత్రలకి ఎంత గిరాకీయో తెలుసు."

"మా అమ్మాయి అలాంటిది కాదండీ," అంది సంపూర్ణమ్మ.

"అమ్మా, ప్రతి తల్లీ ఇదే అంటుంది."

"నీ ఆఫీసులో అద్దాలు మరీ ఎక్కువయ్యాయి జయకృష్ణా," అన్నాడు బాలశౌరి. "ఎటు చూసినా నీకు నువ్వే కనపడుతున్నావు. ఎదుటి మనిషి కనపడ్డం మానేశాడు."

"మీ గదిలో ఫ్యాను కూడా తిరగదు."

"గాలి దానంతటదే వస్తుంటే మళ్లీ కరెంటెందుకు? అది సరే, అక్కణ్ణుంచి నీకు ఫోటోలు పంపే ఉంటారుగా. చూపించు."

"చూసి ఏం చేస్తారు?"

"ఏముంది, గాబులో వేసి పెంచుతాను."

జయకృష్ణ విసుగ్గా ఫోను చేతికిచ్చాడు. మొదటి ఫోటోలో సీసా. ప్లాస్టిక్‌ది కాబట్టి లోపలిదంతా కనపడుతోంది. అడుగున తెల్లకవరు, పైన గట్టిగా అదిమి నింపిన కందిపొడి, మూతి మీద మడతలు పెట్టిన కవరు, దారం. రెండో ఫోటోలో కవరు విప్పి పరిచిన మాత్రల అట్టలు.

"దీన్ని పెద్దది చెయ్యడం నాకు చేతకాదు. నువ్వే వేళ్లు ఆడించు."

జయకృష్ణ వేళ్లు ఆడించాడు. అట్ట పెద్దదైంది. బాలశౌరి చాలాసేపు చూశాడు. మామూలుగా మాత్రల అట్టకు నాలుగు మూలలూ గుచ్చుకునేంత పదునుగా ఉంటాయి. ఈ అట్టల్లో ఒక్కదానికీ మూల లేదు. అన్నీ కత్తెరతో గుండ్రంగా తీసినవే.

"చక్రీ," అన్నాడు ఫోను తిరిగి ఇచ్చేస్తూ. "ప్రయాణం ముందురోజు కృప ఎక్కడుందయ్యా?"

"బెజవాడలో అండీ. డాక్టరుగారి ఉత్తరం కోసం పొద్దున్నే నేనే తీసుకెళ్లా. మేం బయల్దేరేసరికి అమ్మగారు ఇంకా పొడి కొడుతున్నారు. ఆయన ఆపరేషన్లో ఉన్నారని పొద్దుగూకేదాకా కూర్చోబెట్టారు. ఇంటికొచ్చేసరికి సూటుకేసు సర్దేసి, తాడు కూడా కట్టేశారు అమ్మగారు."

"విన్నావా?" అన్నాడు బాలశౌరి జయకృష్ణతో. "కవరు అడుగున ఉంది. పొడి దానిమీద అదిమి ఉంది. అంటే పొడి నింపకముందే పెట్టాలి. ఆ టైములో ఆ పిల్ల ఊళ్లోనే లేదు. పోనీ చక్రి ఉయ్యూరులో పెట్టాడందామా? సీసాడు పొడి కారులో ఒలకబోసి మళ్లీ కూరాలి. కారు చూశాను. సీటు మీద నూనె మరకుంది గాని ఒక్క పొడి రేణువు లేదు. వీడికి పునుగులు తినడమే శుభ్రంగా రాదు, పొడేం నింపుతాడు?"

చక్రి ప్రాణం లేచొచ్చినట్టు నిటారుగా కూర్చున్నాడు.

జయకృష్ణ మాత్రం తగ్గలేదు. "మరి పెట్టనిదే సంతకం ఎందుకు పెడుతుంది?"

"నువ్వు ఇవాళ అడిగిన మొదటి మంచి ప్రశ్న ఇది. కాఫీ తాగుతూ వీధిలో నిలబడు. నేను వంటగది చూసొస్తాను."

వంటగది చిన్నది. మిక్సీ కడిగి బోర్లించి ఉంది. గూట్లో కందిపొడి సీసా ఇంకొకటి, గల్ఫు వెళ్లినదానికి జత. దాని మూతి మీదా అవే మడతలు, అదే దారం. పక్కన స్టీలు డబ్బా. మూత తీస్తే కృప ఇంట్లో వదిలిన మాత్రల అట్ట, సగం వాడింది. దాని నాలుగు మూలలూ గుండ్రంగా ఉన్నాయి.

బాలశౌరి దాన్ని పట్టుకుని ముందుగదిలోకి వచ్చి కుట్టుమిషను ముందు గొంతుకూర్చున్నాడు. మోకాళ్లు పటపటమన్నాయి. సొరుగు లాగాడు. దారపు ఉండలు, హుక్కులు, సుద్దముక్క. అడుగున దారం పోగుల్లో చిక్కుకుని వెండిరేకు తునకలు, చిటికెనవేలి గోరంత. మూలల కత్తిరింపులు.

తలెత్తితే సంపూర్ణమ్మ గుమ్మంలో ఉంది.

"మా ఊళ్లో ఒక దర్జీ ఉండేవాడమ్మా," అని మొదలుపెట్టాడు బాలశౌరి. "వాడు కత్తెర పట్టుకుంటే గుడ్డ తనంతట తనే..."

కథ అక్కడే ఆగిపోయింది. మొదలుపెట్టిన కథను మధ్యలో వదిలేయడం ఆయనకి అలవాటు లేదు. ఆవిడ మొహం చూస్తుంటే దర్జీ ముందుకు నడవలేదు.

"కూర్చో చెల్లమ్మా."

ఆవిడ కూర్చోలేదు.

"నిన్న నా దగ్గరికొచ్చి ఏమడిగావో నీకు గుర్తుందా? నా బిడ్డ పెట్టలేదని నిరూపించండి అన్నావు. ఎవరు పెట్టారో పట్టుకోండి అని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. నలభై ఏళ్లుగా ఇలాంటివాళ్లని చూస్తున్నాను. ఎవరో పట్టుకోమని అడగనివాళ్లు నాకు ఎవరూ తగల్లేదు."

"చిన్నప్పుడు స్కూలుకి జేబులో పెట్టి పంపేదాన్నండి," అంది సంపూర్ణమ్మ, ఇంకెవరి గురించో చెబుతున్నట్టు. "ఒకసారి ప్రేయర్‌లో పడిపోయింది. అట్ట మూల తొడలో దిగబడింది. రక్తం. అప్పట్నించీ ఏ అట్టొచ్చినా మూలలు తీసేసి ఇస్తాను. చెయ్యి దానంతటదే తీసేస్తుందండి. ఇప్పుడు కూడా... దాస్తున్నాననే బుద్ధి ఉండి కూడా మూలలు తీశాను."

"కవరు విప్పగానే ఆ పిల్లకి కనపడి ఉంటాయి."

"ఉంటాయండి." ఆవిడ గోడ పట్టుకుంది. "అందుకే సంతకం పెట్టేసింది. అమ్మ చేసిందని చెప్పలేక, నేనే చేశానని చెప్పింది."

బయట జయకృష్ణ ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నాడు. ఆ గొంతు ఆగింది.

"మొన్నామధ్య బుడమేరు పొంగినప్పుడు అది సింగ్‌నగర్ హాస్టల్లో ఇరుక్కుపోయింది," అంది ఆవిడ. "కింద నీళ్లు, మేడమీద పిల్లలు. మాత్రలు అయిపోయాయి. నేనిక్కడ ఫోను పట్టుకుని కూర్చున్నాను. మేడమీదే ఫిట్సు వచ్చిందంట. పిట్టగోడ లేని మేడ. పక్కపిల్ల కాలు పట్టుకుని ఆపిందంట అన్నయ్యగారూ. మూడు నెలలకే ఇస్తామంటే మరి నాలుగో నెలలో? అక్కడ డాక్టరు ఎప్పుడు దొరుకుతాడో, ఆ మాత్ర ఉంటుందో ఉండదో. అది వద్దంది. 'ఎక్కువ ఒక్కటి కూడా పెట్టకమ్మా, రూలు కాదు' అని చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఊఁ అన్నాను. అది అటు వెళ్లగానే పెట్టాను. పచ్చడి వద్దంటే పెట్టనా? అలాగే పెట్టాను."

"రెండ్రోజుల్నించీ ఎందుకు నోరు విప్పలేదు?"

"చెబుదామనే మీ మెట్లెక్కాను. దాని ఉద్యోగం పోతుందేమోనని..." ఆవిడ తల అడ్డంగా ఊపింది. "కాదండి. అదీ అబద్ధమే. భయమేసింది. పన్నెండేళ్లు కాపాడుకున్న బిడ్డని నేనే పట్టించానని నా నోటితో చెప్పలేకపోయాను. పాపం ఆ చక్రి కుర్చీలో చెమటలు కక్కుతుంటే కాఫీ కలుపుతూ చూస్తూ ఊరుకున్నాను. ఇంకెవరి మీదికైనా పోతే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను కూడా."

గుమ్మం దగ్గర అలికిడైంది. జయకృష్ణ ఫోను ఎత్తి పట్టుకుని ఉన్నాడు. తెర మీద ఎర్రచుక్క వెలుగుతోంది.

"మొత్తం రికార్డయింది," అన్నాడు. "మా ఏజెన్సీకి ఇది చాలు. అమ్మాయి బయటపడుతుందేమో గాని, అమ్మగారూ, తరవాత మీ మీద..."

"పంపండి బాబూ," అంది సంపూర్ణమ్మ. ఈ రెండు రోజుల్లో ఆవిడ గొంతు వణక్కుండా పలికిన మొదటి మాట అది. "ఇప్పుడే పంపండి. ఏ జైలైనా సరే."

జయకృష్ణ ఎర్రచుక్క నొక్కి రికార్డింగు ఆపాడు.

బాలశౌరి మాత్రం లేవలేదు. సొరుగు ముందే కూర్చుని ఆలోచిస్తున్నాడు. "ఒక సంగతి నాకు కుదరడం లేదు. చీటీ మీద మూడు నెలలవే ఇస్తారు. రెండో మూడు నెలలవి ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

"మెడికల్ షాపు ఛాయాదేవిగారిని బతిమాలాను. చీటీ లేందే ఇవ్వనంది. షాపు బయటికొస్తుంటే ఒకబ్బాయి వెనకాలే వచ్చాడండి. ఎన్ని కావాలన్నా తెస్తానన్నాడు. మర్నాడు బండి మీద ఇంటికే తెచ్చిచ్చాడు. పొడి కింద పెడితే ఎవరూ తవ్వి చూడరని చెప్పింది కూడా అతనే."

"పేరు?"

"అడగలేదండి."

"అతనిచ్చినవాటిలో ఏమైనా మిగిలాయా?"

ఆవిడ బైబిలు వెనక నుంచి ఒక అట్ట తీసింది. "ఇదొక్కటి పట్టక మిగిలిపోయింది."

బాలశౌరి దాన్ని, స్టీలు డబ్బాలో దొరికిన పాత అట్టను పక్కపక్కన మిషను మీద పెట్టాడు. పేరు ఒకటే. రంగు ఒకటే. కొత్త అట్ట మీద బొటనవేలు రుద్దాడు. చెమటకి అక్షరాలు వేలికి అంటుకొచ్చాయి. పాతదాన్ని రుద్దాడు. ఏమీ రాలేదు. రెండింట్లోంచీ ఒక్కో మాత్ర వొత్తి తీశాడు. పాతమాత్రకి నడుమ సన్నటి గీత ఉంది. కొత్తదానికి లేదు. వేళ్ల మధ్య నలిపితే కొత్తది బడిలో పలక మీద రాసే సుద్దలా పొడిపొడి అయింది.

జయకృష్ణ ఒంగి చూశాడు. "నకిలీ," అన్నాడు నెమ్మదిగా. వెంటనే మొహం విప్పారింది. "అంటే పొడి కింద దొరికింది మత్తుమందే కాదు, సుద్ద! పెద్దాయనా, అక్కడ ల్యాబులో పరీక్ష చేయిస్తే కేసే ఉండదు!"

సంపూర్ణమ్మ మాత్రం కదల్లేదు.

"పొడి కింద పెట్టింది ఇవి కాదండి," అంది.

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు.

"చీటీ మీద కొన్నవాటికి తేదీ దగ్గరపడింది. వచ్చే వేసవికే అయిపోతాయి. ఆఫీసర్లు కొర్రీ వేస్తారేమోనని... ఇతనిచ్చినవాటికి తేదీ ఇంకా రెండేళ్లుంది. అందుకని కొత్తవి కౌంటరులో చూపించే పర్మిషన్ డబ్బాలో సర్దాను. షాపులో కొన్నవి మూలలు తీసి పొడి కింద పెట్టాను."

బాలశౌరి సొరుగు ముందు నుంచి లేచాడు.

"జయకృష్ణా," అన్నాడు బాలశౌరి. ఆయన గొంతులో ఆట మొత్తం ఇంకిపోయింది. "అక్కడ ఆ పిల్లకి రోజూ ఏ మాత్ర ఇస్తున్నారు?"

"పర్మిషన్ డబ్బాలోదే. దానికి కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి కదా. రాత్రిపూట దగ్గరుండి మింగిస్తున్నారు. సీసాలోవి సాక్ష్యం కింద సీలు వేశారు."

"ఆ జాతి మాత్ర ఒక్కసారిగా ఆపేస్తే?"

"ఆపకూడదండి!" అంది సంపూర్ణమ్మ. "ఒక్క పూట కూడా తప్పించొద్దని డాక్టరుగారు ఎన్నిసార్లో..."

మాట పూర్తికాకముందే జయకృష్ణ ఫోను చెవిలో పెట్టుకున్నాడు. గల్ఫులో ఆఫీసర్లు కృపను నిఘాలో ఉంచిన చోట ఏజెన్సీ తరఫున తోడుగా కూర్చోబెట్టిన కుర్రాడు ఫిన్నీ. స్పీకరు నొక్కేసరికి అవతల గొంతు తాపీగా పలికింది.

"చెప్పండి సార్. ఇక్కడే ఉన్నా. మేడమ్ ఎదురుగానే కూర్చుని ఉంది."

"ఎలా ఉంది ఫిన్నీ?"

"బానే ఉంది సార్. సంతకం పెట్టాక కాస్త తేలిక పడింది. కాకపోతే ఏదో కాలుతున్న వాసనొస్తోందంటోంది పొద్దున్నించీ. నాకేం రావట్లేదు. రెండుసార్లు లేచెళ్లి వంటగదిలో కూడా చూసొచ్చా. ఏం కాలట్లేదు సార్."

సంపూర్ణమ్మ ఒక్క అంగలో వచ్చి ఫోను లాక్కుంది.

"బాబూ, నేను వాళ్లమ్మని. అక్కడేం కాలదు. ఫిట్సు వచ్చేముందు దానికి ఆ వాసనొస్తుంది. కుర్చీలోంచి దింపు. మంచం మీద వద్దు, నేల మీద పడుకోబెట్టు. ఎడమపక్కకి తిప్పు. చేతిలో తాళాలు పెట్టకు, నోట్లో ఏమీ కుక్కకు, నీళ్లు పొయ్యకు. డాక్టర్ని కేకెయ్యి. వాళ్లిస్తున్న మాత్రలు సుద్దముక్కలని చెప్పు. మంచివి సీలేసిన సీసాలో ఉన్నాయని చెప్పు. వాటిని పెట్టింది నేను. వినపడుతోందా? అది కాదు, నేను. అక్కడున్న ఆఫీసర్లందరికీ చెప్పు. చెప్పేది తరవాత చెబుదువుగాని, ముందు దాన్ని పక్కకి తిప్పు నాయనా!"

"మేడమ్?" అన్నాడు ఫిన్నీ. ఆ పిలుపు ఫోనులోకి కాదు.

తరవాత అటునుంచి కుర్చీ పడిన చప్పుడు వచ్చింది.